ఫిబ్రవరిలో రంగు కోసం కెమెలియా: ఏ ఊళ్లో ఏ రకం కొనాలి?

అట్లాంటా చుట్టుపక్కల నర్సరీల్లో అక్టోబరు రాగానే కెమెలియా అనే, ఏడాదంతా పచ్చగా ఉండే పూల పొదలు నిండా పూలతో బయటికొస్తాయి. వేసవి పూలు అయిపోయి చెట్లు ఆకు రాల్చే రోజులు కాబట్టి చూసినవాళ్లు కొనకుండా రాలేరు. అయితే ఆ నెలలో పూసేవి దాదాపు అన్నీ ససాంక్వా జాతివి. సంక్రాంతి వచ్చేసరికి వాటిలో చాలావాటి పూత అయిపోతుంది. ఫిబ్రవరిలో ఇంటి ముందు కాస్త రంగు ఉండాలని కొన్నవాళ్లకి ఫిబ్రవరిలో మిగిలేది పచ్చటి ఆకే.

ఈ సలహా ముఖ్యంగా జార్జియా, కెరొలైనాల్లో ఉండేవాళ్లకు: ఆల్ఫరెట్టా, కమింగ్, షార్లెట్, క్యారీ లాంటి ఊళ్లు. అమెరికా వ్యవసాయ శాఖ చలి మ్యాపులో ఇవి 7బి, 8ఎ జోన్లలో వస్తాయి. న్యూజెర్సీ, సియాటెల్, బే ఏరియా, డల్లాస్ సంగతి వేరు, చివర్లో చెప్తాను. హైదరాబాద్‌లో పెంచుదామని ఆశపడేవాళ్లకి మాత్రం ఇక్కడే చెప్పేస్తున్నా, వద్దు. మనం తాగే టీ ఆకు కూడా ఒక కెమెలియానే, కెమెలియా సైనెన్సిస్. టీ తోటలు ఎక్కడ బాగుంటాయో గుర్తు తెచ్చుకుంటే పూల కెమెలియాకి ఎలాంటి చోటు కావాలో తెలిసిపోతుంది. చల్లటి కొండ గాలి, ఆమ్ల గుణమున్న నేల, నీరు నిలవని వాలు. 40 దాటే ఎండలు, బోరు నీళ్ల ఉప్పదనం దానికి పడవు.

ఏ రకం కొనాలన్నా ముందు ఒక సంగతి తెలియాలి. పూర్తిగా విచ్చిన పువ్వు, రాత్రి చలి 28 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా దిగితే తెల్లారేసరికి గోధుమ రంగుకి తిరుగుతుంది. ఖరీదైన రకమైనా అంతే. గట్టిగా ముడుచుకున్న మొగ్గ మాత్రం అంతకంటే చాలా ఎక్కువ చలిని ఓర్చుకుంటుంది. జార్జియా ఫిబ్రవరి గురించి తెలిసిందేగా, వారం రోజులు 65 డిగ్రీలతో స్వెటర్ విప్పించి, ఒక్క రాత్రిలో 22కి దింపేస్తుంది. మొగ్గలన్నీ ఒకేసారి విచ్చే మొక్క ఆ ఒక్క రాత్రికి సీజనంతా పోగొట్టుకుంటుంది. కొన్ని విచ్చి, కొన్ని సగం విచ్చి, కొన్ని ఇంకా బఠాణీ గింజంత ఉన్న మొక్క పది, పదిహేను రోజుల్లో మళ్లీ పూస్తుంది. నేను రకాలను పోల్చేది ఈ లెక్కతోనే. గడ్డకట్టే చలి వచ్చి పోయాక ఎంత త్వరగా తేరుకుంటుందన్నది ముందు. పువ్వు సైజు, రంగు ఆ తర్వాత.

ససాంక్వానా, జపోనికానా?

ససాంక్వా ఆకు చిన్నది, పువ్వూ చిన్నదే, రెండు మూడు అంగుళాలు. రెక్కలు ఒక్కొక్కటే రాలి మొక్క కింద పరుచుకుంటాయి. ఎండని బాగా తట్టుకుంటుంది, త్వరగా పెరుగుతుంది, వేరు కుళ్లుని ఎదుర్కొంటుంది. అందుకే వేరే కెమెలియాలను అంటు కట్టడానికి దీని వేరునే వాడతారు. తెల్లటి 'సెట్సుగెక్కా', ముదురు గులాబీ 'కంజిరో' లాంటివి కంచెగా పెంచుకుంటే చాలా బాగుంటాయి. కానీ వీటి కాలం అక్టోబరు నుంచి డిసెంబరు.

ఈ గుంపులో ఆలస్యంగా పూసే రెండింటిని మాత్రం వేరుగా చూడాలి. 'యూల్‌టైడ్' ఎర్రటి ఒంటిరెక్క పువ్వు, మధ్యలో పసుపు కేసరాల గుత్తి, క్రిస్మస్ రోజుల్లో పూస్తుంది. 'శిషి గషీరా' నాలుగైదు అడుగులు మించని పొట్టి మొక్క, నవంబరులో మొదలుపెట్టి జనవరిలోకి సాగుతుంది. ఈ ఊళ్లలో సంక్రాంతికి గొబ్బెమ్మల మీద పెట్టడానికి పెరట్లో బంతిపువ్వు ఎలాగూ ఉండదు. ఆ పూటకి పనికొచ్చే గులాబీరంగు పువ్వు కావాలంటే 'శిషి గషీరా' పెట్టుకోండి.

జపోనికా ఆకు పెద్దది, నూనె రాసినట్టు మెరుస్తుంది. పువ్వు మూడు నుంచి ఐదు అంగుళాలు. జార్జియాలో జనవరి నుంచి మార్చి దాకా దీని కాలం. 1959 నుంచి అలబామా రాష్ట్ర పుష్పం కెమెలియా, తర్వాత చట్టంలో జపోనికా అనే పేరునే స్పష్టం చేశారు. దీనికి మధ్యాహ్నపు ఎండ పడకూడదు. పెరుగుదల నెమ్మది. కానీ వదిలేస్తే పది అడుగులు దాటి, మనకంటే ఎక్కువ కాలం బతుకుతుంది. కాబట్టి కిటికీ కింద రెండడుగుల సందులో నాటొద్దు.

ఒక్క మొక్కకే చోటుంటే, కావాల్సింది ఫిబ్రవరి రంగైతే, జపోనికానే కొనండి. రెండింటికి చోటుంటే ఒక 'యూల్‌టైడ్', ఒక జపోనికా. మీ ఇంటి ముందు భాగం పడమర ముఖమై సాయంత్రం దాకా ఎండ కాస్తుంటే జపోనికాని అక్కడ పెట్టి హింసించడం అనవసరం. ససాంక్వా పెట్టుకుని డిసెంబరు రంగుతో సరిపెట్టుకోవడం మేలు.

ముద్ద పువ్వు మోజు

మందారంలో ఒంటిరెక్క, ముద్ద ఉన్నట్టే జపోనికాలోనూ ఉన్నాయి. వాటి మధ్య మరో రెండు మూడు రూపాలు కూడా ఉన్నాయి. ఫొటోల్లో అందర్నీ పడేసేది పూర్తి ముద్ద, కేసరం కనపడకుండా రెక్కలు పొరలు పొరలుగా కొలత పెట్టి పేర్చినట్టుండే పువ్వు. 'పింక్ పర్ఫెక్షన్', 'ఆల్బా ప్లీనా', 'న్యూచియోస్ పర్ల్' ఈ రకమే. 'ఆల్బా ప్లీనా' చైనా నుంచి ఇంగ్లండుకి 1792లో చేరింది, ఇప్పటికీ అమ్ముతున్నారు. అందంలో వీటికి సాటి లేదని నేనూ ఒప్పుకుంటాను.

కానీ చలికాలపు పెరటి మొక్కగా వీటికి రెండు బలహీనతలున్నాయి. ఇన్ని రెక్కలున్న మొగ్గ విచ్చడానికి చాలా రోజులు పడుతుంది. ఆ మధ్యలో చలి పడితే బయటి రెక్కలు బిగుసుకుపోయి, లోపలివి తెరుచుకోక, మొగ్గ అలాగే మొండిగా ఉండి రాలిపోతుంది. కెమెలియా పెంచేవాళ్లు దీన్ని బుల్‌నోజింగ్ అంటారు. 'పింక్ పర్ఫెక్షన్'కి ఈ చెడ్డపేరు బాగా ఉంది. రెండోది, తెలుపు రంగు. తెల్ల పువ్వు మీద కాస్త చలి మచ్చ పడినా వీధిలోంచి కనపడుతుంది, ఎరుపు మీద అదే మచ్చ దగ్గరికెళ్తే గానీ తెలియదు. తెల్ల ముద్ద పువ్వు మీద మనసుంటే వరండా కప్పు కిందకి వచ్చే కుండీలో పెంచుకోండి, లేదా పెద్ద పైన్ చెట్ల నీడలో పెట్టండి.

ఒంటిరెక్క, సగం ముద్ద పూలు త్వరగా విచ్చుతాయి, ఎక్కువ సంఖ్యలో వస్తాయి. పువ్వు ఒక్కోటి తక్కువ రోజులే నిలుస్తుంది, అది వీటి లోటు. వెచ్చటి మధ్యాహ్నాల్లో కేసరాల కోసం తేనెటీగలు కూడా వస్తాయి. లేత గులాబీ 'బెరెనీస్ బాడీ', ముదురు గులాబీ 'లేడీ క్లేర్' ఈ కోవలో చలికి గట్టివని పేరుపడ్డవి. ఎరుపే కావాలి, నిండుగా ఉండాలి అంటే 'ప్రొఫెసర్ సార్జెంట్'. గుండ్రటి ముద్ద పువ్వే అయినా మొక్క మొండిది, మొగ్గలు విపరీతంగా వేస్తుంది, మామూలు నర్సరీల్లోనూ దొరుకుతుంది. మార్చిలో కూడా పూలు చూడాలంటే ఆలస్యంగా పూసే 'కుమసాకా'. మొదటిసారి కొనేవాళ్లకి వీటిలో ఒకటి చెప్పమంటే నేను 'ప్రొఫెసర్ సార్జెంట్' అంటాను. రంగు మీకు నచ్చకపోతే 'బెరెనీస్ బాడీ'.

వాసన మీద ఆశ పెట్టుకోకండి. 'క్రేమర్స్ సుప్రీమ్' లాంటి కొన్నింటికి కొద్దిగా ఉంటుంది, అంతే. తొడిమ దాదాపు ఉండదు కాబట్టి మాల కట్టడానికీ అనువుగా ఉండదు. ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి తేలేస్తే మాత్రం రెండు మూడు రోజులు నిగనిగలాడుతూ ఉంటుంది. శివరాత్రి తరచుగా ఈ పూత మధ్యలోనే వస్తుంది.

కొనేటప్పుడు

అక్టోబరు సంతకి పోకుండా జనవరి, ఫిబ్రవరిలో నర్సరీకి వెళ్లండి. అప్పుడు పూస్తున్నదే మీకు కావాల్సింది. కొమ్మని దగ్గరగా చూడండి. గుండ్రంగా, బొద్దుగా ఉన్నవి పూమొగ్గలు, సన్నగా మొన తేలినవి ఆకు మొగ్గలు. పూమొగ్గలన్నీ ఒకే సైజులో ఉన్న మొక్క కంటే, చిన్నా పెద్దా కలిసి ఉన్న మొక్క నయం. ఆకు తిప్పి చూడండి. కింద తెల్లటి దూదిలాంటి పొట్టు ఉంటే అది టీ స్కేల్ అనే పొలుసు పురుగు, ఆ కుండీ అక్కడే వదిలేయండి.

కాస్త ఓపికుంటే అట్లాంటా నుంచి దక్షిణంగా ఫోర్ట్ వ్యాలీలో ఉన్న మాసీ లేన్ గార్డెన్స్‌కి ఒక ఫిబ్రవరి శనివారం వెళ్లి రండి. 1945లో మొదలైన అమెరికన్ కెమెలియా సొసైటీకి అదే కేంద్రం. ప్రతి మొక్కకీ పేరు ఉంటుంది కాబట్టి నచ్చినవి ఫోన్‌లో ఫొటో తీసుకుంటే చాలు. చలి పడిన వారం తర్వాత వెళ్తే ఇంకా మంచిది, ఏ రకం తేరుకుందో కళ్లారా కనపడుతుంది. చలికాలంలో జరిగే కెమెలియా పోటీల్లో అరచేతికంటే పెద్ద పూలు చూసి మాత్రం పొరబడకండి. వాటిలో చాలావాటికి మొగ్గ పక్కన ఒక చుక్క జిబ్బరెల్లిక్ ఆసిడ్ వేసి ఉంటారు. మన దగ్గర ద్రాక్ష గుత్తులను ముంచే మందు అదే. మందు వేసిన పూలకి ప్రదర్శనల్లో వేరే విభాగం కూడా ఉంటుంది. ఆ సైజు మీ పెరట్లో మామూలుగా రాదు.

నాటడం, సాకడం

మనకి పాదు చేసి నీళ్లు నింపడం అలవాటు. జార్జియా ఎర్ర బంకమట్టిలో కెమెలియాకి పాదు చేస్తే అది నీళ్లగుంట అవుతుంది, వేరు కుళ్లిపోతుంది. ఇక్కడ పద్ధతి తిరగేయాలి. గొయ్యి లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉండాలి. వేళ్ల మట్టిగడ్డ పైభాగం చుట్టూ ఉన్న నేల కంటే ఒకటి రెండు అంగుళాలు ఎత్తులో ఉండాలి. తవ్విన మట్టిలో పైన్ బెరడు పొడి కలిపి చుట్టూ దిబ్బలా వాలు కట్టండి. మీద రెండు మూడు అంగుళాల మందాన పైన్ స్ట్రా, అంటే రాలిన ఎండు పైన్ ఆకులు, పరిచి, కాండానికి తగలకుండా కాస్త జరపండి. లోతుగా పాతిన మొక్క వెంటనే చావదు, రెండు మూడేళ్లు నీరసపడి చస్తుంది. అందుకే కారణం ఎవరికీ తెలియదు.

చోటు విషయంలో ఉత్తరం లేదా వాయవ్యం నుంచి వచ్చే గాలికి గోడో చెట్లో అడ్డం ఉండాలి. తూర్పు ముఖం మంచిదని అనిపిస్తుంది గానీ, రాత్రి గడ్డకట్టిన మొగ్గ మీద తెల్లారగానే ఎండ పడితే నష్టం ఎక్కువ. పొడుగాటి పైన్ చెట్ల కింద జల్లెడ పట్టినట్టుండే నీడ అన్నిటికంటే శ్రేష్ఠం.

ఈ ఊళ్లలో అక్టోబరు, నవంబరుల్లో నాటితే చలికాలమంతా వేళ్లు కుదురుకుంటాయి. ఏప్రిల్‌లో నాటి, జూన్‌లో పిల్లల సెలవులకి ఇండియా వెళ్లి ఐదు వారాల తర్వాత తిరిగొచ్చేవాళ్లకి ఎండిన పుల్ల ఎదురవుతుంది. ఫిబ్రవరిలో నచ్చి కొన్న మొక్కని వెంటనే నాటినా ఫరవాలేదు, మొదటి వేసవికి డ్రిప్ పైపూ టైమరూ పెట్టి వెళ్లండి. తర్వాతి ఏళ్లలో కూడా సెప్టెంబరు, అక్టోబరు పొడి వాతావరణంలో నీళ్లు మర్చిపోతే మొగ్గలు జలజలా రాలిపోతాయి. చాలామంది ఆ నేరం జనవరి చలి మీద వేస్తారు.

ఎరువు తక్కువే. పూత అయ్యాక అజీలియా, కెమెలియాలకని అమ్మే ఎరువు ఒక దఫా చాలు. అమెరికా దక్షిణాదిలో పాతకాలం నుంచీ వాడేది పత్తి గింజల పిండి. మన పత్తి చెక్కే, నెమ్మదిగా పనిచేస్తుంది, నేలకి కాస్త ఆమ్లగుణం ఇస్తుంది. జూలై దాటాక ఏ ఎరువూ వద్దు, లేత చిగురు వేసి చలికి దొరికిపోతుంది. టీ కాచిన పొడి వేస్తే బాగా పూస్తుందనే మాట నిజం కాదు. పాలు, చక్కెర కడిగేసి కంపోస్టులో వేసుకోండి.

వచ్చే చలికాలం పూలకి మొగ్గ ఈ వేసవిలోనే కడుతుంది. కాబట్టి కత్తిరింపు పూత అయిన వెంటనే, మే లోపు ముగించాలి. గడ్డి కోయడానికొచ్చే ల్యాండ్‌స్కేపింగ్ మనుషులకి ఈ మాట ముందే చెప్పి పెట్టండి. ఆగస్టులో హెడ్జ్ ట్రిమ్మర్‌తో గుండ్రంగా గీసేస్తే చూడ్డానికి నీట్‌గానే ఉంటుంది, ఫిబ్రవరిలో ఒక్క పువ్వుండదు.

జపోనికాకి ఉన్న అసలు శత్రువు రెక్కల తెగులు. చలి మచ్చకీ దీనికీ తేడా తెలుసుకోవడం సులువు. చలి వల్లయితే మొదట బయటి అంచులు మాడతాయి. తెగులైతే రెక్కల మీద చిన్న గోధుమ చుక్కలుగా మొదలై, ఒకటి రెండు రోజుల్లో పువ్వంతా పాకుతుంది. పువ్వు కిందున్న రక్షక పత్రాలు ఒలిచి చూస్తే అడుగున తెల్లటి లేదా బూడిద రంగు బూజు వలయం కనపడుతుంది. ఈ శిలీంధ్రం రాలిన పూలలో గట్టి నల్లటి ముద్దలుగా మారి నేలలో ఏళ్ల తరబడి ఉంటుంది. మందు కంటే శుభ్రమే ముఖ్యం. రాలిన పువ్వుల్ని ఏరి చెత్త డబ్బాలో వేయండి, కంపోస్టులో వద్దు. పైన్ స్ట్రా ఏటా మార్చండి. ససాంక్వాలు దీని కాలం రాకముందే పూసి ముగించేస్తాయి, అది వాటికున్న గొప్ప లాభం. పొలుసు పురుగు రెంటికీ వస్తుంది. చలి తగ్గాక హార్టికల్చరల్ ఆయిల్ (మొక్కల మీద కొట్టే నూనె మందు) ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. పైపైన కొడితే ఉపయోగం లేదు.

కెమెలియా కాకుండా

పూలు ముఖ్యం గానీ పొద అక్కర్లేదనుకుంటే హెల్లిబోర్ అనే చిన్న మొక్క నీడలో నిశ్చింతగా ఫిబ్రవరిలో పూస్తుంది, విచ్చిన పువ్వు కూడా చలికి అంతగా పాడవదు. వాసన కావాలంటే డాఫ్నే ఒడోరా, ఫిబ్రవరిలో వాకిలంతా గుబాళిస్తుంది, అయితే బాగున్న మొక్క ఉన్నట్టుండి చచ్చిపోవడం దానికి మామూలే. పైగా ఆ రెండూ విషపూరితం. పాకే పిల్లలు, కుక్కపిల్లలు ఉన్న ఇంట్లో కెమెలియాతో ఆ టెన్షన్ లేదు. ఫోర్సిథియా చవక, పసుపు రంగు కళ్లు చెదిరేలా ఉంటుంది, కానీ మిగతా చలికాలమంతా పుల్లల మోపు. జింకలు తిరిగే కాలనీల్లో కెమెలియా కొంత భద్రమే, బాగా ఆకలేస్తే మొగ్గలు కొరుకుతాయి.

వేరే ఊళ్లవాళ్లకి

న్యూజెర్సీ, ఉత్తర వర్జీనియాల్లో కథ మారుతుంది. 1970ల చివర్లో వరసగా వచ్చిన కఠినమైన చలికాలాల్లో వాషింగ్టన్ డీసీలోని నేషనల్ ఆర్బొరీటమ్ కెమెలియాలు చాలావరకు చచ్చిపోయాయి. బతికి నిలిచినవాటిలో ఒలీఫెరా అనే జాతి ఉంది, చైనాలో దాని గింజల నుంచి వంటనూనె తీస్తారు. అక్కడి శాస్త్రవేత్త విలియం ఆకర్‌మన్ దాన్ని వేరేవాటితో సంకరం చేసి 'వింటర్స్ స్టార్', 'పోలార్ ఐస్' లాంటి చలికి ఆగే రకాలు తెచ్చాడు. పేరులో వింటర్ ఉన్నా ఇవి పూసేది చలికాలం ముందు, అక్టోబరు, నవంబరుల్లో. నార్త్ కెరొలైనాలోని చాపెల్ హిల్‌లో క్లిఫర్డ్ పార్క్స్ తయారుచేసిన 'ఏప్రిల్ ట్రిస్ట్', 'ఏప్రిల్ కిస్', 'ఏప్రిల్ రిమెంబర్డ్' వసంతంలో పూస్తాయి. కొరియా దీవుల విత్తనం నుంచి వచ్చిన ఎర్రటి ఒంటిరెక్క 'కొరియన్ ఫైర్' కూడా గట్టిది. ఎడిసన్‌లోనో ఆష్‌బర్న్‌లోనో ఉంటే నేనైతే ఏప్రిల్ గుంపులోంచే తీసుకుంటాను. ఉగాది రోజులకి పూస్తే చాలనుకోవాలి, ఫిబ్రవరిలో ఆరుబయట కెమెలియా పువ్వు అక్కడ అత్యాశ. నాటడం కూడా జార్జియాకి భిన్నంగా వసంతంలోనే చేయాలి, మొదటి చలికాలం లోపు వేళ్లు పట్టాలి కదా. కరివేపాకు కుండీతో పాటు దీన్నీ లోపలికి తెచ్చేద్దామనుకుంటే హీటర్ పొడిగాలికి మొగ్గలు రాలిపోతాయి.

సియాటెల్ వైపు చలి సమస్య కాదు, వాన సమస్య. అక్కడ విలియమ్సీ సంకరాలు బాగా నప్పుతాయి. ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో జె.సి. విలియమ్స్ 1920లలో జపోనికాని సాల్యుయెనెన్సిస్‌తో కలిపి మొదలుపెట్టిన వంశం ఇది. వాడిన పువ్వు కొమ్మకి అంటుకుని ఉండకుండా తనంతట తానే రాలిపోతుంది. వానలో నల్లబడ్డ పూలతో మొక్క అసహ్యంగా కనపడదు. గులాబీరంగు 'డొనేషన్' చాలా ప్రసిద్ధి. లండన్‌లో ఉన్నవాళ్లకీ ఇదే మాట, కాకపోతే అక్కడి కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువ, వాననీళ్లు పట్టి పోయండి. సియాటెల్‌లో వేసవిలో వాన బాగా తక్కువని మర్చిపోకండి, మొగ్గ కట్టేది అప్పుడే.

బే ఏరియా వాళ్ళు అదృష్టవంతులు. జపోనికాలు ఏవైనా పూస్తాయి, అట్లాంటాలో వద్దన్న తెల్ల ముద్ద పూలతో సహా. యున్నాన్ నుంచి వచ్చిన, అన్నిటికంటే పెద్ద పూల రెటిక్యులాటాలు కూడా అక్కడ ఆరుబయట పెంచవచ్చు. శాక్రమెంటోకి కెమెలియా నగరమనే పేరు ఊరికే రాలేదు. శాన్ రామోన్, ఫ్రీమాంట్ లాంటి చోట్ల మధ్యాహ్నపు ఎండ తప్పిస్తే చాలు. అక్కడ ఎక్కువ భయం రెక్కల తెగులుతోనే.

డల్లాస్‌లో నల్లరేగడి, సున్నపు నేల, సున్నపు నీళ్లు. డల్లాస్ శివారు ఫ్రిస్కోలో నేలలో నాటిన జపోనికా ఆకులు రెండేళ్లలో ఈనెలు పచ్చగా, ఈనెల మధ్యభాగం పసుపుగా మారతాయి. అది ఇనుప ధాతు లోపం, నేల మారకుండా మందులతో ఎంతకాలమని నెట్టుకొస్తాం? అడుగున్నర ఎత్తు పెట్టెలో పైన్ బెరడు, పీట్ (కుళ్లిన నాచు పొడి) నింపి నాటండి, లేదా పెద్ద కుండీలో పెంచండి. కుండీ అయితే గడ్డకట్టే రాత్రి వేడిలేని గరాజ్‌లోకి జరిపి పొద్దున్నే బయట పెట్టేయొచ్చు. రకం విషయానికొస్తే అక్కడ 'యూల్‌టైడ్' జపోనికాల కంటే నమ్మకమైనది. హ్యూస్టన్ దగ్గరి షుగర్‌ల్యాండ్, కేటీ వైపు నేల చూసుకుని నీరు ఇంకేలా ఎత్తుగా నాటితే జపోనికాలు కూడా పెట్టుకోవచ్చు.